సూదికి ముందు సందేహము

కలకత్తా మహానగరమున భవానీపూర్ ఉత్తరపు సరిహద్దులో, ఊరివారందఱు ‘పి.జి.’ యని పొట్టిపేరుతో వ్యవహరించు పెద్ద ప్రభుత్వ వైద్యశాల యొకటి కలదు. దొరతనమువారి కాలమున ప్రెసిడెన్సీ జనరల్ హాస్పిటలుగా వెలసి, 1954లో సేఠ్ సుఖ్‌లాల్ కర్ణానీ స్మారక వైద్యశాలయని పేరు మార్చుకొని, 1957లో స్నాతకోత్తర వైద్యవిద్యాసంస్థకు నిలయమైన యీ యాసుపత్రి ఆవరణలోనే 1898లో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు పక్షులను, దోమలను పెట్టుకొని పరిశోధించి, మలేరియా క్రిమి దోమ కడుపునుండి దాని లాలాజల గ్రంథులకు చేరి, అచ్చటినుండి కాటుద్వారా మఱియొక ప్రాణి రక్తములో ప్రవేశించు మార్గమును ఆద్యంతము నిరూపించెను. ఆ కార్యమునకు జ్ఞాపకార్థముగా కట్టిన ద్వారము 1927 జనవరి 7వ తేదీన రాస్ సమక్షముననే ఆవిష్కరింపబడి, నేటికిని ఆ ప్రహరీలో నిలిచియున్నది.

అయితే ఆ కథలో మొదటి ఘట్టము మన తెలుగునేలమీదనే జరిగినది. అంతకు ముందటి యేడు, 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు బేగంపేటలో, జ్వరపీడితుడైన యొక రోగికి దోమకొక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకొన జేసి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించుచుండగా, జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు రాస్ కంట బడినవి. అవి మలేరియా క్రిమి తనచుట్టు కట్టుకొనిన తిత్తులు. అంతకుముందు రెండేండ్లుగా ఆయన కోసిన దోమలలో అధికభాగము వేఱుజాతివి. వానిలో ఆ తిత్తి యుండుటకే వీలులేదు. సరియైన దోమ, సరియైన చోటు, అచ్చట నుండవచ్చునను ఊహ, ఈ మూడును కలిసిననాడే కన్ను చూచినది.

మానవదేహమున పరాన్నజీవుల తిత్తులు ఎదురుచూడని తావుల తలయెత్తినప్పుడు వైద్యునకు నేటికిని కావలసినది ఆ మూడవదియే. రాస్ పనిచేసిన యాసుపత్రికి కూతవేటు దూరమున, శంభునాథ్ పండిట్ వీథిలో, నాడీవ్యాధులకే ప్రత్యేకించిన బాంగూర్ వైద్యసంస్థ యున్నది. మూర్ఛతో వచ్చిన యువకుని మెదడు చిత్రములో చిన్న చుక్క. తొడలో నొప్పిలేని కంతి. వెన్నుపూసను తినివేసిన పుండు. కనుగ్రుడ్డు వెనుక వాపు: ఇట్టివి ఎదుట నిలిచినప్పుడు ఏ వైద్యునకైనను మొదట తోచునవి క్షయయో, కంతియో, క్యాన్సరో. ‘ఇది పురుగేమో’ యను నాలుగవ ఊహ తట్టుట, తట్టకపోవుటలపైననే కొన్నియెడల రోగి బ్రదుకు ఆధారపడియుండును. యంత్రము లెన్ని వచ్చినను ఆ ఊహకు ప్రత్యామ్నాయము లేదనుట యీ వ్యాసమునకు ప్రధానాశయము.

దేహములో ద్రవముతో నిండిన సంచి ఏదైనను తిత్తియే. కొన్ని పుట్టుకతో వచ్చును. కొన్ని గ్రంథుల ద్వారములు మూసికొనిపోవుటచేత ఏర్పడును. మన కిచ్చట ప్రసక్తమైనవి మాత్రము బద్దెపురుగుల శైశవరూపములు. వీనిలో ముఖ్యముగా రెండుజాతులు మన దేశమున పీడ కలిగించుచున్నవి. ఒకటి కుక్క ప్రేగులలో నివసించు, అంగుళములో నాలుగవవంతైనను పొడవుండని చిన్నపురుగు; దాని బిడ్డ మానవునిలో కట్టుకొను గూటిని వైద్యులు హైడాటిడ్ తిత్తి యందురు. రెండవది మానవుని ప్రేగులలోనే గజములకొలది పెరుగు పంది బద్దెపురుగు; దాని శిశువు కండలో, మెదడులో, కంటిలో బఠానీగింజ పరిమాణమున గూడు కట్టుకొన్నప్పుడు ఆ వ్యాధికి సిస్టిసెర్కోసిస్ అని పేరు. మొదటిది యొంటరిగా నుండి మహాపరిమాణమునకు పెరుగును. రెండవది చిన్నదిగానే యుండి, ఒక్కొకప్పుడు వందలసంఖ్యలో వ్యాపించును. ఈ భేదమును మనసున నుంచుకొనినచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

కుక్క పురుగు కథ మాంసపు కొట్టువద్ద మొదలగును. గొఱ్ఱెనో మేకనో కోసిన కసాయి, కారిజముమీద నీటిబుగ్గలు కనబడిన భాగమును కోసి, అమ్మకమునకు పనికిరాదని ప్రక్కకు విసరును. అచ్చట కాచుకొనియున్న వీథికుక్క దానిని నోటకఱచుకొని పోవును. ఆ నీటిబుగ్గలోని సూక్ష్మమైన పురుగుతలలు కుక్క ప్రేగులలో వేలకొలది పెద్దపురుగులై, కొన్నివారములలోనే గ్రుడ్లు పెట్టసాగును. ఆ గ్రుడ్లు కుక్క మలముతో పచ్చికలోను, నీటిలోను, కుక్క రోమములమీదను చేరును. పచ్చికతో గొఱ్ఱె మ్రింగినచో చక్రము సంపూర్ణమగును. కుక్కను నిమిరిన చేతితోనో, కడుగని ఆకుకూరతోనో మనుష్యుడు మ్రింగినచో చక్రము తెగిపోవును గాని మనుష్యుడు చిక్కుకొనును. మానవశవమును కుక్కలు తినవు గనుక పురుగున కది ముందుదారి లేని వీథి.

గ్రుడ్డు నుండి వెడలిన శిశువు ప్రేగుగోడను చీల్చుకొని రక్తనాళములో ప్రవేశించినప్పుడు మొదట చేరునది కాలేయము. అచ్చటి సూక్ష్మనాళములలో అధికభాగము చిక్కుకొనును. రోగులలో మూడింట రెండువంతులమందికి తిత్తి అచ్చటనే యుండును. ఆ జల్లెడ తప్పించుకొనినవి గుండెద్వారా ఊపిరితిత్తులకు పోయి అచ్చట నిలుచును. ఈ రెండవ జల్లెడనుగూడ దాటి, ధమనీరక్తములో పడినవానికి ఇక అడ్డులేదు. ప్లీహము, మూత్రపిండము, మెదడు, గుండెకండ, ఎముక, తొడకండ, గళగ్రంథి, స్తనము, కనుగూడు, ఎచ్చటనైనను దిగవచ్చును. ఇట్టి అస్థానములలోని తిత్తులన్నియు కలిపి మొత్తములో పదియవవంతు ప్రాంతమున నుండును. అరుదగుటచేతనే యవి వైద్యుని బుద్ధిని వంచించును.

దిగినచోట ఆ శిశువు తొందరపడదు. లోపల సజీవమైన సన్ననిపొర, దానిపై తెల్లని గట్టిపొర తాను నిర్మించుకొనును; వెలుపల రోగిదేహమే కట్టు నారపొర మూడవది. లోపలిపొరనుండి పురుగుతలలు మొగ్గలు తొడిగి, నీటిలో ఇసుకవలె అడుగున చేరును. పెద్దతిత్తి గర్భమున పిల్లతిత్తులు పుట్టును. ఇదంతయు జరుగుటకు కొన్ని సంవత్సరములు, ఒక్కొకప్పుడు దశాబ్దములు పట్టును. బాల్యమున పల్లెలో కుక్కపిల్లతో ఆడుకొన్ననాటి గ్రుడ్డు, నడివయస్సున పట్టణములో ఉద్యోగము చేయుచుండగా పక్కటెముకలక్రింద బరువుగా తెలియవచ్చును. రోగి ఆ పల్లెను మఱచియుండును. వైద్యుడడుగక పోయినచో అది ప్రసంగములోనికే రాదు.

ఏ యంగమున నిలిచినదో దానినిబట్టి తిత్తి వేషము మార్చును. వెన్నెముకలో చేరినది చుట్టును నారపొర లేకయే ఎముక రంధ్రములలో చిన్నచిన్న బుగ్గలుగా చొచ్చుకొనిపోయి, కాళ్లు పడిపోవునట్లు చేయును; క్షయ విస్తారముగానున్న మన దేశమున దానిని వెన్నుక్షయ యని తలచుట సర్వసాధారణము. మూత్రపిండములోనిది పగిలినచో మూత్రములో ద్రాక్షపండు తొక్కలవంటి తెల్లనిపొరలు పడును. ఈ యొక్క లక్షణము చెప్పిన రోగి రోగనిర్ణయమును తానే చేసినట్లు. ఊపిరితిత్తిలోనిది పగిలినప్పుడు దగ్గుతో ఉప్పని నీరు నోటినిండ వచ్చును. గుండెకండలోనిది లోపలికి పగిలినచో రక్తముతో కొట్టుకొనిపోయి హఠాన్మరణము కలిగింపవచ్చును. పిల్లల మెదడులో అది నారింజపండంత పెరిగినను, మెదడు మెల్లమెల్లగా ఒదిగిపోవుటచేత, తలనొప్పియు వాంతులును మాత్రమే చాలకాలము కనబడుచుండును. గళగ్రంథిలోను, స్తనములోను, తొడలోను ఉన్నది కేవలము నొప్పిలేని కంతి. కంతి యనగానే నేటి వైద్యుని చేయి సూదివైపు పోవును.

చిక్కంతయు అచ్చటనే. కంతి యేదో తెలిసికొనుటకు సన్ననిసూదితో కొంత లాగి పరీక్షించుట నేటి వైద్యమున సులభమైన, మేలైన సంప్రదాయము. కాని హైడాటిడ్ తిత్తిలోని నీరు ఒత్తిడిలో నుండును. ఆ నీటికి దేహము లోలోపల అలవాటుపడి, దానిపై తీవ్రమైన ప్రతిక్రియకు సిద్ధమై యుండవచ్చును. సూదిరంధ్రమునుండి కారిన కొద్దిపాటి ద్రవమైనను ఒడలెల్ల దద్దుర్లు, శ్వాసబంధము, రక్తపుపోటు పడిపోవుట మున్నగు ప్రాణాపాయస్థితిని తెచ్చిపెట్టవచ్చును. ఆ గండము తప్పినను, చిందిన పురుగుతలలలో ప్రతియొక్కటియు క్రొత్తతిత్తికి విత్తనము కాగలదు. తెలియక పొడిచిన సూదులలో పెక్కింటివలన ఏ హానియు కలుగలేదనుటయు సత్యమే. కాని ఏ రోగికి కలుగునో ముందుగా చెప్పగలవారు లేరు. కావున సూదికి ముందు సందేహము, సందేహమునకు ముందు నాలుగుప్రశ్నలు.

ఆ ప్రశ్నలకు ఖర్చులేదు. ఎచ్చట పుట్టి పెరిగితిరి? ఇంట కుక్క యుండెనా? గొఱ్ఱెలమందతోనో, కబేళాతోనో సంబంధము కలదా? ఇంతకుముందు కడుపులోగాని ఊపిరితిత్తులలోగాని నీటితిత్తికి శస్త్రచికిత్స జరిగినదా? మన రాయలసీమలో ఈ ప్రశ్నలకు ప్రత్యేకప్రాముఖ్యము కలదు. భారతదేశమున ఈ వ్యాధి హెచ్చుగా కనబడు ప్రాంతములలో ఆంధ్రదేశమును, తమిళదేశమును ముందు చెప్పుట వైద్యగ్రంథములలో పరిపాటి. 1968లోనే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’ పత్రికలో రెడ్డి ప్రభృతులు కర్నూలు ప్రాంతమున దీని వ్యాప్తిక్రమమును గూర్చి విపులమైన పరిశోధనవ్యాసము ప్రకటించియుండిరి. గొఱ్ఱెలకాపరి మందవెంట కుక్క, సంతవెంట మాంసపుకొట్టు, కొట్టువెంట మఱల కుక్క యున్నచోట అది ఆశ్చర్యముకాదు. అచ్చటినుండి కలకత్తాకో, హైదరాబాదుకో, అమెరికాకో తరలిపోయినవాని దేహములో ఆ యూరి గ్రుడ్డు తరలిపోవుటయు ఆశ్చర్యముకాదు.

ప్రశ్నలతరువాత చిత్రములు. అల్ట్రాసౌండు యంత్రము అన్నిటికన్న చౌక, నిరపాయకరము. తిత్తిగోడ రెండుపొరలుగా నున్నదా, లోపల పిల్లతిత్తులున్నవా, ఊడిపోయిన లోపలిపొర నీటిలో తేలుచున్నదా అని అది స్పష్టముగా చూపును. ఈ లక్షణములనుబట్టి ప్రపంచారోగ్యసంస్థ నిపుణులు తిత్తులను సజీవములు, సంధిదశలోనివి, నిర్జీవములు అని తరగతులుగా విభజించిరి. ఎముకలకు, ఊపిరితిత్తులకు సి.టి. స్కాన్, మెదడునకు వెన్నుపామునకు ఎం.ఆర్.ఐ. మేలు. 1911 ప్రాంతమున కసోని అను ఇటలీ వైద్యుడు ప్రవేశపెట్టిన చర్మపరీక్ష అర్ధశతాబ్దికి పైగా రాజ్యమేలి, తప్పుడు ఫలితము లెక్కువగుటచేత నేడు మూలబడినది. దాని స్థానమున వచ్చిన రక్తపరీక్ష కాలేయములోని తిత్తి విషయమున బాగుగనే పనిచేయును గాని, మెదడులో, కంటిలో, ఎముకలో దాగినదానిని తఱచు పట్టుకొనలేదు. గోడ చెదరని తిత్తి తన యునికిని రక్తమునకు తెలియనీయదు. రక్తపరీక్షలో లేదని వచ్చినంతమాత్రమున పురుగు లేదని తీర్మానించుట, అస్థానతిత్తుల విషయమున, ప్రమాదకరమైన పొరపాటు.

చికిత్స తిత్తి తరగతినిబట్టియు, తావునుబట్టియు మారును. చచ్చి సున్నమువలె గట్టిపడినదానిని కదలింపక, అప్పుడప్పుడు చూచుచుండిన చాలును. చిన్నవైన సజీవపు తిత్తులకు ఆల్బెండజోల్ మాత్రలు నెలలతరబడి యిత్తురు. మన బడిపిల్లలకు నులిపురుగుల నివారణ దినమున పంచిపెట్టు మాత్రయే యది. మొదట పశువులకొఱకు తయారై, తరువాత మనుష్యులకు వచ్చినది. బడిలో ఒకటే మాత్ర. ఇచ్చట దినమునకు రెండుపూటలు, కొవ్వుగల భోజనముతో, కాలేయమును రక్తకణములను నడుమనడుమ పరీక్షించుచు. కాలేయములోని కొన్నిరకముల తిత్తులకు, మందుచాటున, అల్ట్రాసౌండు చూపుచుండగా సూదితో నీరులాగి, పురుగుతలలను చంపు గాఢమైన ఉప్పునీటినో మద్యసారమునో ఎక్కించి, కొంతసేపునకు మఱల లాగివేయు పద్ధతి 1980 దశకమున వచ్చినది. నిషిద్ధమైన సూదియే, తెలిసి, సిద్ధపడి, ప్రాణరక్షణ సామగ్రి ప్రక్కన నుంచుకొని పొడిచినప్పుడు ఔషధమైనది. భేదమంతయు ముందుగా తెలియుటలోనే యున్నది.

తక్కినవానికి శస్త్రచికిత్స. చుట్టును ఉప్పునీట తడిపిన గుడ్డలు పఱచి, చిందినది చిందినట్లు పీల్చునట్లు చేసి, తిత్తిని తెఱచుటయో, వీలైనచోట చెదరకుండ పూర్తిగ తీయుటయో చేయుదురు. మెదడులోని తిత్తికి డౌలింగ్, ఒర్లాండో అను వైద్యులపేర ప్రసిద్ధమైన పద్ధతి చూడదగినది. కపాలమును విశాలముగా తెఱచి, తిత్తికిని మెదడునకును నడుమ మెత్తని గొట్టముద్వారా ఉప్పునీటిని మెల్లగా ఎక్కించుచు, శస్త్రచికిత్సబల్ల తలవైపును దించినచో, తిత్తి తన బరువునకు తానే జారి, చెక్కుచెదరక వైద్యుని చేతిలోని పాత్రలోనికి దిగును. ఆ క్షణమున పట్టకారు తగిలిన చాలును, శ్రమయంతయు వ్యర్థము. వెన్నెముకలోనిదానికి ఇట్టి యదృష్టము లేదు; క్యాన్సరును తొలగించినట్లే విస్తారముగా తొలగించి, దీర్ఘకాలము మందు వాడినను మఱల మఱల తలయెత్తును.

ఇక రెండవ పురుగు. దీనిని గూర్చి జనులలోనున్న అపోహ యొకటి ముందుగా తొలగవలెను. పందిమాంసములోని తిత్తిని సరిగా ఉడుకకుండ తిన్నవానికి వచ్చునది ప్రేగులలోని బద్దెపురుగు మాత్రమే. జర్మను వైద్యుడు కూఖెన్‌మైస్టర్ 1855లో మరణశిక్ష పడిన ఖైదీకి తిత్తులుగల మాంసము పెట్టి, శిక్ష నెఱవేఱిన పిదప ప్రేగులలో చిన్నబద్దెపురుగులను చూపి యీ సంగతి స్థాపించెను. ప్రయోగము క్రూరమైనను ఫలితము నిలిచినది. మెదడులో తిత్తులు వచ్చుట మాత్రము మాంసమువలన కాదు; అట్టి పురుగును మోయుచున్న మనుష్యుని మలములోని గ్రుడ్లు చేతులద్వారానో, నీరు, ఆహారములద్వారానో నోటిలో పడుటవలన. అందుచేతనే పుట్టి బుద్ధెఱిగి మాంసము ముట్టని యింటను ఈ జబ్బు వచ్చును. న్యూయార్కులో పందిమాంసమును మతనిషిద్ధముగా నెంచు యూదుల కుటుంబములలో కొందఱికి ఈ జబ్బు వచ్చి, ఇంట వంటపని చేయుటకు పరదేశమునుండి వచ్చినవారే మూలమని తేలిన వృత్తాంతము 1992లో వైద్యపత్రికల కెక్కినది.

మన దక్షిణాపథమున దీని చరిత్ర పాతది. 1888లో మద్రాసున మూర్ఛలతో మరణించిన యొక కూలివాని శవపరీక్షలో మెదడునిండ ఈ తిత్తులు కనబడినవని ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రకటించెను. భారతదేశమున కొలువుచేసి స్వదేశమునకు పోయిన ఆంగ్లసైనికులకు, పోయిన కొన్నియేండ్లకు మూర్ఛలు మొదలగుట చూచి ఆంగ్లసైనికవైద్యులు దశాబ్దములపాటు వారిని వెన్నంటి పరిశీలించిరి. 450 మంది రోగుల వృత్తాంతమును డిక్సన్, లిప్స్‌కూంబ్ అనువారు 1961లో సమీకరించిరి. గ్రుడ్డు మ్రింగిన నాటికిని మూర్ఛ కలిగిన నాటికిని నడుమ కొన్ని సంవత్సరముల విరామముండునని లోకమునకు తెలిపిన ముఖ్యగ్రంథ మదియే. ఆ తరుణమున తిత్తిని కండలలో ఎక్కువగా ఎక్స్‌రే ద్వారా, అదియు చచ్చి సున్నమెక్కి, బియ్యపుగింజల పరిమాణమున తెల్లగా కనబడినప్పుడే పట్టుకొనగలిగెడివారు.

సి.టి. స్కాన్ వచ్చిన పిదప మన దేశమున ఒక వింతసమస్య పుట్టినది. మూర్ఛతో వచ్చిన యువజనుల మెదడుచిత్రములలో, రంగుమందు ఎక్కించినప్పుడు ఉంగరమువలె మెఱయు చిన్నచుక్క యొకటి విరివిగా కనబడసాగెను. క్షయగడ్డ యని తలచి నెలలకొలది క్షయమందులు పెట్టిరి, చుక్క పోయెను, మందు ఫలించినదని సంతోషించిరి. మందు వేయనివారిలోను చుక్క తనంతట తానే పోవుచుండుట చూచినప్పుడు సందేహము కలిగెను. వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలో చాందీ, వేదాంతం రాజశేఖర్ ప్రభృతులు 1980 దశకపు చివర అట్టి చుక్కలను కొన్నింటిని శస్త్రచికిత్సచే తీసి సూక్ష్మదర్శినిక్రింద చూడగా, అధికభాగము చచ్చుచున్న పురుగుతిత్తులని తేలినది. పిదప వారు నిర్ణయించిన లక్షణములు సులభములు: చుక్క ఒక్కటిగానుండుట, రెండు సెంటీమీటర్లు మించకుండుట, మెదడును ప్రక్కకు నెట్టకుండుట, రోగికి మూర్ఛ తప్ప నానాటికి హెచ్చు వేఱు నరముల దౌర్బల్యము లేకుండుట. ఇన్ని లక్షణములు కలిసిన చోట కపాలము తెఱువ నవసరము లేదు. మూర్ఛమందు వాడి, కొన్నివారములకు మఱల చిత్రము తీసిన చాలును. ఒక సందేహము ఎందఱి కపాలములను కత్తినుండి కాపాడినదో లెక్కింపజాలము.

చికిత్సలో ఇచ్చట మెలకువ వేఱు. బ్రదికియున్న తిత్తి మెదడులో సాధారణముగా చప్పుడు చేయదు. అది చచ్చునప్పుడు రేగు వాపే మూర్ఛకు కారణము. కావున మందువేసి చంపుటకు ముందు వాపును అణచు స్టీరాయిడ్లు ఇయ్యవలెను. ఒకటి రెండు తిత్తులకు ఆల్బెండజోల్ పది పదునాలుగు దినములు. అంతకు మించినచో ప్రాజిక్వాంటెల్ అను మఱియొక మందునుగూడ కలుపుదురు. మెదడంతయు తిత్తులతో నిండి ఉబ్బియున్నచో పురుగును చంపు మందే నిషిద్ధము. అన్నియు నొక్కమాఱు చచ్చిన రోగియు చచ్చును. సున్నమెక్కినవానికి పురుగుమందు నిష్ప్రయోజనము. మెదడులోని నీటిగదులలో తేలుచుండు తిత్తి మఱియొక విచిత్రము: తల యొకవైపు త్రిప్పగానే దారి మూసికొని తల తిరిగి, వాంతియై, రోగి కూలిపోవును, తల నిలిపిన సర్దుకొనును. అట్టిదానిని నేడు సన్నని దుర్బిణీ గొట్టముతో లోనికి పోయి బయటికి తీయుచున్నారు.

కంటిలోని తిత్తి విషయమున మెలకువ ఇంకను హెచ్చు. కనుగ్రుడ్డు లోపల, నేత్రపటలముక్రింద బ్రదికియున్న పురుగు, వెలుతురు పడినప్పుడు తల చాచి ముడుచుకొనుట వైద్యుడు తన కంటితో చూడగలడు. దానిని మందుతో చంపినచో రేగిన వాపు చూపును హరించును గనుక, ముందు శస్త్రచికిత్సచే బ్రదికియుండగనే తీయవలెను. మెదడులో తిత్తులున్నవారికి మందు మొదలుపెట్టుటకు ముందు కన్నులు పరీక్షింపవలెనను నియమము ఇందులకే. కనుగ్రుడ్డు బయట, దానిని త్రిప్పు కండలలో చేరినదానికి మాత్రము మాత్రలే మేలు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు తమ యనుభవమును 1999లో ప్రకటించి, అల్ట్రాసౌండులో తిత్తిలోని పురుగుతలను గుర్తించి, ఆల్బెండజోలును స్టీరాయిడును కలిపియిచ్చి కత్తిలేకయే కుదుర్పవచ్చునని చూపిరి. ఒకే యంగములో అంగుళము తేడాతో చికిత్స తలక్రిందులగుట ఇచ్చట గమనింపదగినది.

నాలుకమీద, చెంపలోపల, భుజపు కండలో బఠానీగింజంత గట్టిగా తగులు కంతులు ఈ జాతివైనప్పుడు సన్ననిసూదిపరీక్ష నిరపాయకరమే గాక, రోగనిర్ణయమునకు తోడ్పడును; మన దేశపు రోగనిర్ణయశాస్త్రజ్ఞులు దానిని విరివిగా వాడుచున్నారు. ఒక పురుగు విషయమున గండమైన సూదియే మఱియొక పురుగు విషయమున సాక్షి. ఏది యేదో తెలియుటకు సూదికంటె ముందు అల్ట్రాసౌండు పట్టినచో, పెద్దదై, రెండుపొరల గోడతో, పిల్లతిత్తులతో నున్నది మొదటిదనియు, సెంటీమీటరు పరిమాణమున, ఒకమూల తెల్లనిచుక్కతో నున్నది రెండవదనియు తేలిపోవును. కొన్నినిమిషముల పని.

నివారణమునకు మందులకన్న నియమములు ముఖ్యము. పందొమ్మిదవ శతాబ్దిలో ఐస్లాండు ద్వీపమున హైడాటిడ్ వ్యాధి ఇంటింట నుండెడిది. 1863లో అచ్చటికి పోయిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె కుక్కలను కోసి పరీక్షించి, జనులకు తెలియు భాషలో చిన్నపుస్తకము వ్రాసెను. తిత్తులున్న అవయవములు కుక్కలకు వేయరాదు, పూడ్చవలెను లేదా కాల్చవలెను, కుక్కలకు పురుగుమందు పెట్టవలెనను నియమములు క్రమముగా చట్టములైనవి. తరములు గడచిన పిదప ఆ ద్వీపమున వ్యాధి నిర్మూలమైనది. అందులో గొప్పయంత్రమేదియు లేదు. మనకును చేయదగినవి కొలదియే. మాంసపుకొట్టు వెనుక మూతగల గొయ్యి యొకటి, పెంపుడుకుక్కకు పశువైద్యుడు చెప్పిన గడువున మాత్ర, మరుగుదొడ్డి, దానిని వాడిన పిదప సబ్బుతో చేతులు కడుగుట, పచ్చిగా తిను కూరలకు మంచినీటి కడుగు. ఇంటిలో ఒకరికి మెదడుతిత్తి కనబడినచో తక్కినవారందఱి మలపరీక్ష, ఏలయన గ్రుడ్లు పెట్టు పురుగు తఱచు ఆ యింటిలోనే మఱియొకరి కడుపున నుండును.

భవానీపూరులోనైనను, కర్నూలులోనైనను, వేలూరిలోనైనను, అస్థానమున వెలసిన తిత్తిని పోల్చుటకు తోడ్పడునది అడిగిన ప్రశ్నయు, దానికి రోగి చెప్పిన ఉత్తరమును. కాని రద్దీగల ఆసుపత్రిలో వైద్యుడు అన్నిప్రశ్నలును అడుగ తీరిక లేకపోవచ్చును. కావున ఈ భారములో కొంత రోగియే మోయదగును. కంతితోనో మూర్ఛతోనో పోయినప్పుడు తాను పెరిగిన యూరును, ఇంటి కుక్కను, మందను, పూర్వము జరిగిన శస్త్రచికిత్సను, మలములో బద్దెలుగా పడిన పురుగును, సిగ్గుపడక, అడుగకుండగనే చెప్పవలెను. సూది గ్రుచ్చబోవు వైద్యుని ‘ముందుగా స్కాన్ చేయింపవలెనా?’ యని వినయముతో నడుగుట అపచారము కాదు. ఆ యొక్కమాట వైద్యునికి తట్టని నాలుగవ ఊహను తట్టించినచో, చికిత్సలో సగము రోగియే చేసికొన్నట్లు.